ఊపిరి మేడమ్ గది

బడి గేటుకు సరిగ్గా ఎదురుగా పన్నెండడుగుల వెడల్పున్న కొట్టు. గోడ పొడవునా గైడ్లు, నోటుపుస్తకాలు, నమూనా పేపర్లు. గాజు బీరువా నిండా పెన్నులు. నాన్న వదిలి వెళ్లిన ఎత్తు స్టూలు. ఇంట్లో అమ్మ. వయసు ఇరవై ఎనిమిది. గడప దగ్గర మనిషి ఆగిన తీరును బట్టి ఏం కొంటాడో చెప్పగల కన్ను. ఆ వానాకాలం మధ్యలో నా చేతిలో ఉన్న సరుకంతా ఇదే. పెళ్లి అన్న పద్దు కింద ఇంకా ఏమీ రాయలేదు.

ఇవి కాక ఒక నల్లబోర్డు ఉండేది. దసరా సెలవుల ముందు జరిగే టర్మ్ పరీక్షల కోసం దాన్ని కొట్టు ముందు నిలబెట్టి రోజూ పొద్దున్నే సుద్దతో రాసేవాణ్ణి: "పెద్ద పరీక్షలకు ఇంక 41 రోజులే. గైడ్లు ఇక్కడ దొరుకును." మర్నాడు 40. ఆ మర్నాడు 39. గేటు దాటి లోపలికి వెళ్లే ఏ పిల్లా, ఏ పిల్లాడూ ఆ అంకె చదవకుండా వెళ్లలేరు. అంకె తగ్గేకొద్దీ గైడ్ల అమ్మకం పెరిగేది. ఇంత తెలివైన ఆలోచన నాకెలా తట్టిందా అని అప్పుడప్పుడు రోడ్డుకు అటు పక్కన నిలబడి మరీ చూసుకుని మురిసిపోయేవాణ్ణి.

38 రాసిన రోజు ఆమె వచ్చింది.

జల్లు పడుతోంది. చేతిలోని గొడుగుకు ఒక పుల్ల విరిగింది. అది ఒక పక్కకు వాలిపోయి ఆమె ఎడమ భుజాన్ని వానకు వదిలేసింది. గడప దగ్గర ఆగింది. నా కన్ను లెక్క వేసేసింది: కొత్త టీచరు, నాలుగు చార్టు పేపర్లు, ఒక డబ్బా రంగు పెన్నులు.

"ఆ బోర్డు మీదేనా?"

"మాదేనండీ. గైడ్లా, పేపర్లా, ఏం ఇమ్మంటారు?"

"బోర్డు."

"బోర్డు అమ్మకానికి లేదండీ."

"కొనడానికి రాలేదు. తీసెయ్యమని చెప్పడానికొచ్చాను." ఆమె గొడుగు మూసింది. నీళ్లు నేరుగా నా నోటుపుస్తకాల కట్ట మీద పడ్డాయి. "సోమవారం నుంచి పంతొమ్మిది మంది పిల్లలు కడుపునొప్పి అని ఆఫీసు రూముకి వచ్చారు. అందరూ మొదటి గంట కొట్టకముందే. డాక్టరు చూసి ఏమీ లేదన్నాడు."

"తిన్నదేదో పడలేదేమో."

"తిన్నది కాదు. చదివింది పడలేదు."

"ఏం చదివారు?"

"మీ బోర్డు."

నేను గొంతు సవరించుకున్నాను. "ఇంతకీ మీరెవరండీ?"

"బడిలో కౌన్సెలర్‌ని. టెన్షన్ ఎక్కువైతే ఎలా గుర్తుపట్టాలో, ఎలా దించుకోవాలో పిల్లలకి నేర్పడం నా పని. ఇటు మీరు ఎక్కిస్తున్నారు, అటు నేను దించుతున్నాను. నా కన్నా మీ చెయ్యే ఫాస్టుగా ఉంది."

"సరే, అంకె కాస్త చిన్నగా రాస్తాను."

"ఎంత చిన్నగా?"

"ఇప్పుడున్న దాంట్లో సగం."

"ఇది బేరమాడే విషయమా?"

"కొట్లో నిలబడి మాట్లాడితే అన్నీ బేరాలేనండీ."

ఆమె నన్నొకసారి తేరిపార చూసింది. కళ్లలో కోపం ఉంది, కానీ దాని అంచున నవ్వులాంటిదేదో మెదిలినట్టు నాకనిపించింది. "డస్టర్ ఉందా?"

"ఉంది."

"ఒకటివ్వండి."

ఇచ్చాను. డబ్బులిచ్చింది. బయటికి వెళ్లి, సగం గొడుగు కింద వంగి, 38ని శుభ్రంగా తుడిచేసింది. తిరిగొచ్చి డస్టర్‌ని నా బల్ల మీద పెట్టింది. "వాడేశాను. వాపసు తీసుకోనక్కర్లేదు, ఉంచుకోండి."

నా కొట్లో కొన్న సరుకుతోనే నా బోర్డు తుడిచేసిన మనిషిని నేను అంతవరకు చూడలేదు. ఆమె గేటు దాటేదాకా చూస్తూ నిలబడ్డాను. ఈలోగా ఇద్దరు కొనేవాళ్లు వచ్చి పిలిచి పిలిచి వెళ్లిపోయారట.

మర్నాడు 37 రాశాను. ఆమె వచ్చింది, డస్టర్ కొంది, తుడిచింది, పెట్టి వెళ్లింది. ఆ మర్నాడు 36. మళ్లీ డస్టర్. మధ్యాహ్నం క్యారియర్ తెచ్చిన అమ్మ బల్ల మీద వరసగా ఉన్న మూడు డస్టర్లను చూసింది.

"ఏంట్రా ఇవి?"

"ఒక మేడమ్ కొనుక్కుని వదిలేస్తోంది."

"నువ్వు కావాలనే రాస్తున్నావా?"

"వ్యాపారం అమ్మా."

"అవును మరి. ఆవిడ వచ్చే టైముకి తల దువ్వుకోవడం కూడా వ్యాపారమేనా?"

నాలుగో రోజు పొద్దున అంకె రాయలేదు. ఎందుకు రాయలేదని అడిగితే అప్పుడు చెప్పలేకపోయేవాణ్ణి. ఆ ముందు రోజు ఒక చిన్నపిల్ల బోర్డు ముందు ఆగి, తుడిచిన చోటు చూసి, "అమ్మయ్య" అని లోపలికి పరిగెత్తింది. అది చూశాను, అంతే.

ఆమె వచ్చి ఖాళీ బోర్డు చూసింది. బల్ల దగ్గరికి వచ్చింది. "థాంక్స్."

"డస్టర్ అక్కర్లేదా?"

"తుడవడానికి ఏముందని?"

"రోజూ వచ్చే బేరం పోయింది. నష్టమే నాకు."

ఈసారి పూర్తిగా నవ్వింది. పిల్లలు ఆమెను ఊపిరి మేడమ్ అంటారని అప్పుడే తెలిసింది. ఎవరు ఏడుస్తూ వచ్చినా "ముందు ఊపిరి వదులు, తర్వాత మాట్లాడుకుందాం" అంటుందట. నన్ను రబ్బరన్న అంటారని ఆమెకు ముందే తెలుసు. ఏం కొన్నా చివర్లో "రబ్బరుందా మరి?" అని అడగడం నా అలవాటు.

"మీ కొట్టుకి రోజుకి ఎంతమంది పిల్లలొస్తారు?" అంది.

"రెండొందలకి తక్కువుండరు."

"నా గదికి రెండు నెలల్లో నలుగురొచ్చారు." ఆ మాట తేలిగ్గానే అనబోయింది గానీ కుదరలేదు. "నన్ను ఈ టర్మ్ వరకే తీసుకున్నారు. పెద్ద పరీక్షలకి ముందు వచ్చే ఆఖరి శుక్రవారం కమిటీ కూర్చుంటుంది. ఎవరూ రాని గది ఎందుకంటారు. మూసేసి విరిగిన కుర్చీలు పెడతారు. నేను మా ఊరు వెళ్లిపోతాను."

నేను బల్ల కింద వేళ్లు మడిచి లెక్కపెట్టాను. నెలరోజుల గడువుంది. గది పోతే ఈమె కూడా పోతుంది.

మర్నాడు చార్టు పేపర్లు ఇచ్చే నెపంతో ఆ గది చూడటానికి వెళ్లాను. ఒక్క చూపుకే రోగం తెలిసింది. గది స్టాఫ్ రూముకి ఎదురుగా ఉంది. తలుపుకి అద్దం ఉంది. పైన పెద్ద అక్షరాలతో "మానసిక సమస్యల సలహా కేంద్రం" అని రాసి ఉంది.

"ఆ బోర్డు మీదేనా?" అన్నాను.

ఆమె పెదవి కొరుక్కుంది. "నాకు ముందే ఇలాగే ఉంది."

"సరుకు మంచిదే మేడమ్. కొట్టు పెట్టిన తీరే బాలేదు. ఈ బోర్డు కింద నిలబడి తలుపు తడితే మర్నాటికి వాడికి పిచ్చోడని పేరు పెడతారు. ఎవడు తడతాడు?"

ఆ శనివారం ఇద్దరం కలిసి బోర్డు మార్చాం. నేను రంగు వేశాను, ఆమె అక్షరాలు సరిచేసింది. "కాసేపు కూర్చోండి." అంతే రాశాం. తలుపు అద్దానికి గోధుమరంగు కాగితం అంటించాం. ఆమె ముక్కు మీద పసుపు రంగు అంటింది. చెప్పకుండా అరగంట చూస్తూ కూర్చున్నాను. అది కూడా లాభం కిందే రాసుకున్నాను.

"పిల్లల్లో ఎవరికి టెన్షనో నేను చెప్పగలను మేడమ్," అన్నాను. "వారానికి మూడు రబ్బర్లు కొనే పిల్ల ఉంది. పెన్ను మూతలన్నీ కొరికేసే కుర్రాడున్నాడు. పేర్లు చెప్పనా?"

"వద్దు. వాళ్ల సంగతి వాళ్లే చెప్పాలి. మీరొక్కటి చెయ్యండి చాలు. వచ్చినవాళ్లని ఎలా ఉన్నావని అడగండి. అడిగి ఆగండి."

"ఆగి?"

"ఆగడమే."

అది వినడానికి సులువు. సోమవారం ఆమె మూల కుర్చీలో కూర్చుని చూస్తుండగా, మూతలు కొరికే కుర్రాడు వచ్చాడు.

"ఎలా ఉన్నావురా?" అన్నాను.

వాడు తెల్లబోయాడు. "బాగానే ఉన్నానన్నా." తర్వాత ఏమీ అనలేదు. బల్ల అంచును గోటితో గీకుతున్నాడు. కొట్లో అంత నిశ్శబ్దం నా ఒంటికి పడదు.

"కొత్త స్కెచ్ పెన్నులు వచ్చాయి, చూస్తావా?"

మూల కుర్చీలో ఆమె నుదురు పట్టుకుంది. కుర్రాడు వెళ్లాక అంది, "మీరు ఆగలేదు."

"ఆగానండీ. మూడు సెకన్లు."

"నాలుగో సెకనులో వాడు నోరు తెరవబోయాడు."

"అవతలివాడు నోరు తెరిచేలోపు సరుకు చూపించాలని మా నాన్న నేర్పాడు."

"మీ నాన్నగారు కొట్టు నడపడం నేర్పారు. వినడం నేను నేర్పుతాను. ఫీజు అక్కర్లేదు."

అలా నేర్పింది. భయం రావడం తప్పు కాదంది. కాస్త భయం చదివిస్తుంది, మోతాదు మించితే చదివిందంతా దాచేస్తుంది. అప్పుడు ఒంట్లో కొన్ని గుర్తులు కనిపిస్తాయి: కడుపు నొప్పి, అరచేతుల్లో చెమట, నిద్ర పట్టకపోవడం, ఊరికే విసుక్కోవడం. నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదిలితే గుండె దారికొస్తుంది. కొండంత పాఠాన్ని పలకంత ముక్కలు చేసుకుంటే చెయ్యి ఆడుతుంది. ఇవన్నీ ఆమె చిన్న చీటీల మీద రాసి, గదికి వచ్చిన ప్రతి పిల్లకీ, పిల్లాడికీ ఒకటి ఇచ్చేది.

కానీ వచ్చేవాళ్లేరి? బోర్డు మారాక రెండు వారాల్లో ఆరుగురు వచ్చారు. శుక్రవారం దగ్గర పడుతోంది.

ఇక్కడే నేనొక పని చేశాను. నా లాంటివాడు తప్ప ఇంకెవడూ చెయ్యని పని.

కొత్త కొట్టుకి జనం రాకపోతే ఏం చేస్తాం? ఒకటి కొంటే ఒకటి ఉచితం అంటాం. జనానికి దారి అలవాటైతే చాలు, తర్వాత వాళ్లే వస్తారు. ఆ లెక్కే గదికీ వేశాను. ఇద్దరు పిల్లలతో మెల్లగా చెప్పాను: "ఊపిరి మేడమ్ చీటీ తెచ్చి చూపిస్తే నీలం జెల్ పెన్ను ఫ్రీ. మేడమ్‌కి మాత్రం చెప్పొద్దు."

మధ్యాహ్నం భోజనాల గంటకి ఆ మాట బడంతా పాకింది. మూడు రోజుల్లో నూట పన్నెండు చీటీలు నా బల్ల మీదికొచ్చాయి.

ఆ మూడు రోజులూ ఆమెను చూడాలి. సాయంత్రం కొట్టుకి వచ్చేది, అలసిపోయి, వెలిగిపోతూ. "వరండాలో లైను కట్టారు, తెలుసా? కూర్చోబెట్టడానికి బెంచీ చాల్లేదు." మూడో రోజు వాన పట్టుకుంటే నా గొడుగు తీసి బస్సు దాకా తోడు వెళ్లాను. గొడుగు పెద్దదే, అయినా మధ్యలో ఖాళీ ఉంచలేదు ఎవరమూ.

"మీ బోర్డు వల్లే," అంది.

అప్పుడైనా నిజం చెప్పాల్సింది. "మన బోర్డు," అన్నాను. ఆ "మన" అన్న మాట రుచి చూస్తూ ఊరుకున్నాను.

మర్నాడు బేరం విరిగింది. చిన్న క్లాసు పిల్లాడొకడు ప్రిన్సిపాల్ గది ముందు నిలబడి ఏడుస్తున్నాడట. ఏమైందని ఆయన అడిగితే, "నేను చీటీ తెచ్చుకున్నాను సార్, పెన్నులు అయిపోయాయంటున్నాడు రబ్బరన్న" అన్నాడట.

ఆమె కొట్టుకి వచ్చింది. గడప లోపలికి రాలేదు.

"నిజమేనా?"

"దారి అలవాటు చేద్దామని..."

"రిజిస్టర్లో ఆ నూట పన్నెండూ కొట్టేయమన్నారు ప్రిన్సిపాల్ గారు. అది సరే. కానీ మీకో సంగతి తెలుసా? ఈ మూడు రోజులూ ఒక్కొక్కరి ముందు కూర్చుని, ఏ బాధ చెప్పలేక ఇలా నలిగిపోతున్నారో అనుకున్నాను. వాళ్లు చీటీ ఎప్పుడిస్తానా అని చూస్తున్నారు." గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది. "మీరు నాకు సాయం చెయ్యలేదు. నన్ను ఫ్రీ స్కీములో పెట్టి అమ్మారు."

వెళ్లిపోయింది. వాన పడుతోంది. విరిగిన పుల్ల గొడుగే వేసుకుంది.

మూడు రోజులు అన్నం సయించలేదు. పొద్దున్నే కడుపులో మెలి. చిల్లర తప్పు ఇచ్చాను, అమ్మ మీద విసుక్కున్నాను.

"గుర్తులు చెప్పు," అంది అమ్మ ఒకరోజు, పళ్లెం నా ముందు నుంచి జరపకుండా. "నిద్ర లేదు, తిండి లేదు, ఊరికే కసురు. ఆవిడ చీటీలో రాసింది ఇదేగా? చదివాను నేను కూడా."

"ఇది టెన్షన్ కాదమ్మా."

"మరేంటి?"

"తప్పు చేశాను."

"చేస్తే ఒప్పుకో. స్టాకు పాడైతే లోపల దాచుకోవుగా నువ్వు, బయట పెట్టేస్తావు." లేచి వెళ్తూ అంది, "ముందు ఊపిరి వదులు."

బుధవారం. పెద్ద పరీక్షలకు ముందు బడిలో పెట్టే నమూనా పరీక్ష రోజు. ఎనిమిదిన్నరకి కొట్టు ముందు మనిషి మీద మనిషి. ఏడాది మొత్తంలో నాకు అంతకు మించిన బేరం రోజు లేదు. ఆ గుంపులోనే వచ్చింది, వారానికి మూడు రబ్బర్లు కొనే పిల్ల. బడిలో అందరూ ఆమెను ఫస్ట్ అంటారు. ఏ పరీక్ష పెట్టినా మొదటి స్థానం ఆమెదే కాబట్టి టీచర్లకి కూడా ఆ పేరే నోటికొచ్చింది.

"రబ్బరన్నా, రబ్బరు," అంది. ఇచ్చాను. అది ఆమె వేళ్లలో నుంచి జారి పడింది. తీసి ఇచ్చాను. మళ్లీ పడింది. పెదాలు పాలిపోయాయి. గాలి కోసం భుజాలు ఎగరేస్తోంది.

నేను చేతిలో ఉన్న పెన్నుల డబ్బా కింద పెట్టాను. బల్ల తలుపు ఎత్తి, ఆమెను లోపలికి తీసుకొచ్చి నాన్న స్టూలు మీద కూర్చోబెట్టాను.

"ఎలా ఉన్నావమ్మా?"

ఆగాను. వెనక పదిమంది అరుస్తున్నారు. ఆగాను. మూడు సెకన్లు కాదు, ఎంతసేపో నాకు తెలీదు.

"అన్నా, చదివిందంతా ఖాళీ అయిపోయింది. ఏమీ గుర్తు లేదు."

"ఖాళీ అవలేదు. లోపలే ఉంది, తలుపు బిగుసుకుంది. నాతో లెక్కపెట్టు. నాలుగు దాకా పీల్చు. ఇప్పుడు ఆరు దాకా వదులు. ఇంకోసారి. కాళ్లు నేలకి ఆనించు. ఇక్కడ కనిపిస్తున్నవి ఐదు చెప్పు."

"గైడ్లు."

"అవి వద్దు."

తడి కళ్లతోనే కొంచెం నవ్వొచ్చింది ఆమెకు. "కత్తెర. ఎర్ర అట్ట. గమ్ము సీసా. గడియారం. నీ చొక్కాకి గుండీ లేదు."

"అది నాకూ తెలీదు. ఇంకోసారి ఊపిరి వదులు."

పెదాలకి రంగు వచ్చింది. అప్పుడు అసలు మాట బయటికొచ్చింది. "ఇంట్లో కూడా నన్ను ఫస్ట్ అనే పిలుస్తారన్నా. ఇవాళ రాకపోతే ఏమని పిలుస్తారు?"

దీనికి సమాధానం నా కొట్లో సరుకు కాదు, అది ఎక్కడ దొరుకుతుందో మాత్రం తెలుసు. "ఈ మాట మేడమ్‌కి చెబుతావా?"

ఆమె తల దించుకుంది. "ఎప్పటి నుంచో వెళ్దామనుకున్నాను. ఇప్పుడు ఆ గదిలోకి వెళ్తే పెన్ను కోసమే అంటారు. అందరూ నవ్వుతారు."

నూట పన్నెండు పెన్నుల అసలు ఖరీదు అప్పుడు తెలిసింది నాకు. నిజంగా అవసరమున్న ఒక పిల్లకి ఆ తలుపు నేనే మూసేశాను.

లేచాను. గల్లాపెట్టె, గుంపు, విప్పిన కట్టలు అన్నీ అలాగే వదిలేసి కొట్టు బయటికి వచ్చాను. "ఇంకాసేపట్లో వస్తాను. ఎవరికేం కావాలో తీసుకోండి, డబ్బులు బల్ల మీద పెట్టండి," అని చెప్పి ఆమె పక్కన రోడ్డు దాటాను.

గేటు లోపల పరీక్ష గంట కోసం బడంతా నిలబడి ఉంది. నా గొంతు కొట్లో అరిచే గొంతే, అందరికీ వినపడుతుంది. "పెన్నుల స్కీము నాది. మేడమ్‌కి దాంతో ఏ సంబంధం లేదు. తప్పు చేశాను. ఇంక ఎవరికీ ఏమీ ఇవ్వను. ఆ గదికి వెళ్లేవాళ్లు వాళ్ల పని మీదే వెళ్తున్నారు."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఫస్ట్ ఒక్కసారి నా వైపు చూసింది. ఊపిరి వదిలింది. తర్వాత అంతమంది చూస్తుండగా వరండా పొడవునా నడిచి, తలుపు తట్టి, లోపలికి వెళ్లింది. తలుపు తీసిన ఊపిరి మేడమ్ ఆమె భుజం మీదుగా నన్ను చూసింది. తలుపు మూసుకుంది.

పావుగంట తర్వాత ఫస్ట్ బయటికి వచ్చి పరీక్ష హాల్లోకి వెళ్లింది. నేను కొట్టుకి తిరిగొచ్చాను. బల్ల మీద నోట్లు, చిల్లర ఒక దొంతరగా పేర్చి ఉన్నాయి. సరుకుతో సరిచూడలేదు. చూడాలనిపించలేదు.

మధ్యాహ్నం ఆ తలుపు ముందు ఇద్దరు నిలబడ్డారు. వారిలో ఒకడు మూతలు కొరికే కుర్రాడు. అంత బాగా చదివే పిల్లే వెళ్లిందంటే మనం వెళ్తే తప్పేంటన్నాడట. సాయంత్రానికి ఎనిమిది మంది. గురువారం పదిహేడు. ఆ వరండాలో నవ్వు ఆగిపోయింది, ఎందుకంటే నవ్వేవాళ్లు కూడా లైన్లోనే ఉన్నారు.

శుక్రవారం కమిటీ. నన్ను పిలవలేదు, నేనే వెళ్లాను. పొడవాటి బల్ల చుట్టూ ఐదుగురు. చివర ప్రిన్సిపాల్. ఆమె రిజిస్టర్ తెరిచి వాళ్ల ముందు పెట్టింది. పేర్లు లేవు, గీతలే ఉన్నాయి. నూట పన్నెండు గీతలు ఎర్ర సిరాతో కొట్టేసి ఉన్నాయి.

"ఇవి లెక్కలోకి తీసుకోవద్దు," అంది. "పిల్లలు ఎందుకొస్తున్నారో నేను అడగలేదు. ఆ తప్పు నాది."

"ఆవిడది కాదండీ, నాది," అన్నాను తలుపు దగ్గర నుంచి. "కొట్టు వాణ్ణి. పెన్నులిచ్చింది నేను."

అధ్యక్షుడు కళ్లజోడు పైనుంచి చూశాడు. "అవి పోగా మిగిలినవెన్ని?"

"ముప్ఫై ఐదు," అంది ఆమె. "బుధవారానికి ముందు పది. ఆ తర్వాత రెండు రోజుల్లో ఇరవై ఐదు."

"పెన్నుల మోజు ఇంకా తగ్గలేదేమో."

తలుపు తోసుకుని ఫస్ట్ లోపలికి వచ్చింది. అనుమతి అడగలేదు. బడిలో అడక్కుండా ఏ పనీ చెయ్యని పిల్ల. "సార్, నేను పెన్ను కోసం వెళ్లలేదు. నా దగ్గర పెన్నులున్నాయి. ఊపిరి ఆడక వెళ్లాను. ఆ గది లేకపోతే ఆ రోజు నేను పరీక్ష రాసేదాన్ని కాదు. బడికే వచ్చేదాన్ని కాదు."

ప్రిన్సిపాల్ లేచి నిలబడ్డాడు. నెమ్మదస్తుడు, కొట్లో ఎర్ర సిరా తప్ప ఏమీ కొనడు. "మా అమ్మాయికి కూడా రెండు వారాలుగా నిద్ర లేదు," అన్నాడు. "నిన్న ఆ లైన్లో నిలబడింది. వరండాలో నన్ను చూసి కూడా పక్కకి తప్పుకోలేదు. గది ఉండాలి. ఇంకో గది కూడా ఇవ్వాలి."

రెండూ ఇచ్చారు. ఆమె ఉద్యోగం కూడా టర్మ్‌కి కాదు, శాశ్వతం.

పై వారం నమూనా పరీక్ష మార్కులు వచ్చాయి. ఫస్ట్ మూడో స్థానంలో ఉంది. భయపడుతూనే అడిగాను, "ఇంట్లో ఏమన్నారు?"

"భోజనానికి పిలిచారన్నా. మామూలుగానే."

"ఏమని పిలిచారు?"

"చిన్నీ అని." ఆ మాట చెప్పి, ఏమీ కొనకుండా, గెంతుతూ వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం వాన తెరిపి ఇచ్చింది. ఊపిరి మేడమ్ కొట్టు గడప దాటి లోపలికి వచ్చింది. చాలా రోజులైంది ఆ గడప దాటి.

"కోపం పోయిందా?" అన్నాను.

"పరీక్ష రోజు కొట్టు గాలికొదిలేసి వచ్చారే, అప్పుడే సగం పోయింది."

"మిగతా సగం?"

"కమిటీ ముందు నిలబడి నాది అన్నారే, అప్పుడు పోయింది. ఇప్పుడు అడగడానికి ఏమీ మిగల్లేదు నా దగ్గర. మీకేమైనా చెప్పాలని ఉందా?"

చేతిలోని చిల్లర బల్ల మీద పెట్టేశాను. "మీరంటే నాకిష్టం. పెంచి చెప్పడం లేదు, తగ్గించి చెప్పడం లేదు."

"ఎప్పటి నుంచి?"

"సరుకు ఎప్పుడు దిగిందో రాసుకోలేదండీ. చూసేసరికి కొట్టు నిండిపోయింది."

ఆమె పెన్నుల బీరువా వైపు తిరిగింది. గాజులో ఆమె మొహం ఎర్రబడటం నాకు కనిపిస్తోందని ఆమెకు తెలీదు. "నా వైపు కూడా అంతే ఉంది," అంది బీరువాతో. "ఇంకొంచెం ఎక్కువే ఉందేమో."

క్యారియర్ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ అమ్మ ఎప్పుడొచ్చిందో చూడలేదు మేము. "అమ్మాయీ," అంది, "వీడి కడుపునొప్పి తగ్గించావు. నా తలనొప్పి కూడా తగ్గించు, వీణ్ణి చేసుకో. ఆ వాగుడు ఇంట్లో ఒక్కదాన్నే మొయ్యలేకపోతున్నాను."

"అమ్మా."

"నువ్వు నోరు మూసుకో. పెద్దవాళ్లం మాట్లాడుకుంటున్నాం."

"మా నాన్నగారు ఆదివారం వస్తారండీ," అంది ఆమె, తల దించుకుని, నవ్వు దాచుకోకుండా.

వచ్చాడు. రైల్వేలో గార్డుగా చేసి దిగిపోయిన మనిషి, ఎక్కువ మాట్లాడడు. పూటంతా కొట్లో కూర్చుని వచ్చీపోయే వాళ్లను చూశాడు. లేచేటప్పుడు నన్ను పక్కకు పిలిచాడు. "మా అమ్మాయి రోజంతా పదిమంది బాధ వింటుంది. ఇంటికొచ్చాక దాని బాధ ఎవరు వింటారు?"

"నేను వింటానండీ. ఈ మధ్యే నేర్చుకున్నాను."

ఆయన నా భుజం తట్టి, అమ్మ వైపు తిరిగి, "ముహూర్తం సంగతి చూడండి" అన్నాడు.

పెద్ద పరీక్షలు అయిపోయిన రోజు కొట్టు లెక్క చూసుకున్నాను. పోయినవి: గైడ్లలో కొంత అమ్మకం, నూట పన్నెండు జెల్ పెన్నులు, అన్నం సయించని మూడు రోజులు, నాకు అన్నీ తెలుసనే ధీమా. వచ్చినవి: బడికి రెండు గదులు. ఆ గదుల్లో కూర్చుని లేచి, తమ కాళ్ల మీద తాము పరీక్ష హాలుకి నడిచిన నూట యాభై మంది. ఏమీ కొనే పని లేకపోయినా వచ్చి "అన్నా, ఇవాళ బాగా రాశాను" అని చెప్పి వెళ్లే పిల్లలు. అమ్మకు కబుర్లాడే తోడు. పొద్దున్నే కొట్టు షట్టరు ఎత్తేటప్పుడు రెండో కొస పట్టుకునే ఇంకో చెయ్యి.

నికరంగా లాభం.